వాగొడ్డు తోటలో నాలుగు సాళ్ళు

"పొద్దున్నుంచీ మీ మామయ్య ఆ బకెట్టు మీంచి లేవలేదు. కాఫీ పంపిస్తే నేలపాలు చేశాడు. నువ్వన్నా తగ్గు, లేకపోతే ఆయన్నన్నా తగ్గించు. మీ ఇద్దరి మధ్యా నేను చచ్చిపోతున్నాను తెరేజా."

జూజా రొట్టె కోస్తూ మాట్లాడుతోంది. అత్తగారికి కోపం వస్తే రొట్టె ముక్కలు మందంగా తెగుతాయి. ఈ రోజు ఒక్కో ముక్కా ఇటుకంత ఉంది.

తెరేజా సింకు దగ్గర నిలబడి గ్లాసుడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది. ట్రాక్టరు తాళంచెవి ఆమె ప్యాంటు జేబులో ఉంది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. మూడింటికి తెగులు చూడ్డానికి చెరకు అధికారి హెన్లీ వస్తాడు. ఈలోగా వాగొడ్డు తోట ఆరెకరాలూ నేలమట్టం కావాలి. ఆ తోటలోకి వెళ్ళే దారికి అడ్డంగా మామగారు వెన్జు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"నేను తగ్గలేను అత్తయ్యా."

"ఎందుకమ్మా అంత పంతం? ఓ వారం ఆగితే కొంపలు మునుగుతాయా?"

"తెగులు తట్టుకునే కొత్త విత్తనం ఈ వారమే పంచుతున్నారు. దుక్కి చేసి పెట్టుకోకపోతే మన వాటా వెనకవాళ్ళకి పోతుంది."

అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం కూడా అది కాదు. అసలు కారణం రెండేళ్ళుగా తెరేజా గొంతులోనే ఉండిపోయింది.

"పోతే పోనీ," అంది జూజా. కత్తి పక్కన పెట్టి ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. "ఆ వాగు గట్టు మీద నువ్వు ట్రాక్టరు తోలుతుంటే నేను చూడలేను. పోయిన నవంబర్లో ఒకసారి చూశాను. చాలు."

నవంబర్లో ఆ గట్టు జారి ట్రాక్టరు బోల్తా పడింది. దాని కింద నార్దు ఉన్నాడు. ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు.

కిటికీలోంచి పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. మామగారి తెల్ల చొక్కాలు ఇటుకరంగుకి తిరిగాయి. తుప్పు తెగులు ఏప్రిల్లో కనబడింది. మొదట ఆకు అడుగున చిన్న చిన్న పొక్కులు. తర్వాత తోటలో నడిచొచ్చిన మనిషి మోచేతుల దాకా నారింజ రంగు పొడి. ఆగస్టు వచ్చేసరికి లోయంతా ఎవరో నిప్పు పెట్టి వదిలేసినట్టు ఎండిపోయింది. తెగులు వదిలిపెట్టడానికి వేరే రకం ఏముంది కనక? మిరానీ నుంచి కొండల దాకా అందరూ పెట్టుకున్నది ఒకటే రకం, నూట ఇరవైనాలుగో నంబరు చెరకు. పంచదార బాగా పడుతుందని పాత రకాలన్నీ దున్నేసి మరీ పెట్టుకున్నారు. మాల్టా నుంచి వచ్చిన కుటుంబాలకైతే ఆ రకాన్ని ఇంటింటికీ తిరిగి అంటగట్టింది వెన్జునే.

"ఇటివ్వండి, నేను తీసుకెళ్తాను," అని టమాటా రుద్ది నూనె పోసిన రొట్టె ముక్కలు గుడ్డలో చుట్టుకుని తెరేజా బయటికి నడిచింది.

ఇంటి నుంచి వాగొడ్డు తోటకి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ నార్దు ఆమె పక్కనే నడుస్తున్నట్టుంటుంది. రెండేళ్ళ కిందట ఇదే నెలలో ఆ తోట నాటేటప్పుడు తండ్రీ కొడుకులకి పెద్ద గొడవ జరిగింది. "అంతా ఒకటే రకమేంటి నాన్నా, కాస్త వేరేది కూడా పెడదాం" అన్నాడు నార్దు. "నా పొలంలో ఇంకో రకం పెడితే తగలబెట్టేస్తా" అన్నాడు వెన్జు. ఎనిమిది రోజులు మాటల్లేవు. తొమ్మిదో రోజు నార్దు లొంగిపోయాడు. అందరూ అలాగే అనుకున్నారు.

ఆ వారంలోనే అతను ఉత్తరాన బర్డెకిన్ జిల్లాలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్ళి, టార్పాలిన్ కింద ఒక గోనెసంచి దాచి తెచ్చాడు. సంచిలో నాటడానికి ముక్కలుగా కోసిన చెరకు ముచ్చెలు. ఒక జిల్లా చెరకు ఇంకో జిల్లాకి దాటించకూడదని చట్టం. అది ఈ లోయలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆదివారం అత్తమామలు చర్చిలో పూజకి వెళ్ళాక, జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయిన తెరేజా, అతనూ కలిసి తోట నడిమధ్యలో చేత్తోనే నాలుగు సాళ్ళు నాటారు.

"నాలుగే నాలుగు సాళ్ళు తెరేజా. మూడేళ్ళు చూద్దాం. బాగుంటే నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిస్తా. తిడితే తిడతాడు." ఆ మాట అంటున్నప్పుడు నార్దు మోకాళ్ళ నిండా మట్టి. ఎంత సంతోషంగా ఉన్నాడో.

చెరకు పెరిగితే చుట్టూ ఉన్న గడల్లో ఏ గడ ఏదో ఎవరికీ కనబడదు. మొదటి కోత నార్దే తన యంత్రంతో కోసుకున్నాడు, ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు తుప్పు వచ్చి రహస్యాన్ని బయటపెట్టింది. మూడు వారాల కిందట తెరేజా తోటలోకి వెళ్ళి చూస్తే చుట్టూ అంతా ఎండి గోధుమరంగులో ఉంది, మధ్యలో ఆ నాలుగు సాళ్ళు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చింది. నార్దు చెప్పిందే నిజమైందని మొదట సంతోషంతో ఏడ్చింది. తర్వాత భయంతో ఏడ్చింది.

ఎందుకంటే చర్చి ముందు ప్రతి ఆదివారం ఒకటే మాట నడుస్తోంది. ఈ తెగులు దానంతటదే రాలేదు, ఎవడో బయటి చెరకు దొంగచాటుగా తెచ్చాడు. గాలికి వచ్చిందని అధికార్లు మొత్తుకుంటున్నా వినేవాడు లేడు. వాళ్ళకి ఒక మనిషి కావాలి. దొరికితే ఊరుకోరు, పక్కపేరు పెడతారు. ఈ జనానికి ఇంటిపేరు కాగితాల మీదే. పిలుచుకునేది పక్కపేరుతో. పక్కింటి స్పిరు ముత్తాత ఎప్పుడో మాల్టా పక్క గోజో దీవిలో మేక మెడలో గంట దొంగిలించాడట. నాలుగు తరాలు పోయి, సముద్రాలు దాటి ఇంత దూరం వచ్చినా వాళ్ళు ఇంకా గంటోళ్ళే. ఇవాళ హెన్లీ ఆ నాలుగు సాళ్ళు చూశాడంటే నార్దు ఇక నార్దు కాడు, తుప్పు నార్దు అవుతాడు. సమాధి రాయి మీద ఏం చెక్కించినా జనం నోట్లో ఉండేది అదే.

మధ్యలో నాలుగు సాళ్ళు మాత్రమే నరికితే ఆ సందేమిటని అడుగుతారు. మొత్తం నరికి దున్నేస్తే ఎవరూ అడగరు. నిన్న సాయంత్రం హెన్లీ ఫోన్ చేసి వస్తానన్నప్పటి నుంచి తెరేజాకి ఇదొక్కటే ఆలోచన.

ట్రాక్టరు తను వదిలిన చోటే ఉంది. దాని ముందు వెన్జు. డెబ్భై ఏళ్ళ మనిషి, టోపీ మోకాలి మీద పెట్టుకుని తోటకేసి చూస్తున్నాడు.

"తినండి మామయ్యా."

"వద్దు."

"అత్తయ్య కోసింది."

"తెలుస్తూనే ఉంది. ఆ ముక్కతో కొడితే మనిషి చస్తాడు." అన్నాడు గానీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తినలేదు.

"లేవండి మామయ్యా. మధ్యాహ్నం అయిపోతోంది."

"నా మీంచి తోలుకుని పో."

"అలాంటి మాటలనకండి."

"ఎందుకనకూడదు? మావాడు తన చేత్తో పెట్టిన తోట ఇది. ఏడాదికోసారి నరికినా అదే వేరు మీద మళ్ళీ లేస్తుంది. ఇంకో మూడు కార్శులు వస్తాయి. అంటే ఇంకో మూడేళ్ళు వాడు ఈ పొలంలో ఉంటాడు. నువ్వేమో ఇవాళే పీకేస్తానంటున్నావు."

"ఏముందని మామయ్యా ఇందులో? ఒక్క ఆకు పచ్చగా ఉందా? గడ పట్టుకుంటే బెండులా తేలిగ్గా ఉంది. మిల్లువాళ్ళు బండి కూడా పంపరు."

పచ్చగా అన్న మాట నోట్లోంచి వచ్చాక తెరేజా నాలుక కరుచుకుంది. ముసలాయన పట్టించుకోలేదు.

"జబ్బు చేసిందని మనిషిని పాతిపెట్టేస్తామా?"

"ఇది మనిషి కాదు మామయ్యా. చెరకు."

"నీకు చెరకే." వెన్జు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "నాకేమిచ్చిపోయాడమ్మా వాడు? మనవడినిచ్చాడా? మనవరాలినిచ్చాడా? ఈ ఆరెకరాలు ఇచ్చిపోయాడు. అంతే."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పదమూడేళ్ళ కాపురంలో అత్తమామల నోట ఆ మాట ఏనాడూ రాలేదు. ఇవాళ వచ్చింది. తెరేజా ట్రాక్టరు చక్రానికి ఆనుకుని నిలబడింది. మిల్లు వైపు వెళ్ళే చెరకు రైలుబండి దూరంగా కూత వేసింది.

"తప్పు మాట అన్నాను," అన్నాడు వెన్జు.

"ఫరవాలేదు."

"ఫరవాలేదని నువ్వంటే సరిపోతుందా?" టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు. "వాడికి ఈ రకం ఇష్టం లేదు. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, సరే నాన్నా, నువ్వన్నట్టే చేద్దాం అన్నాడు. నా మాట నెగ్గిందని ఆ సాయంత్రం స్పిరుకి బీరు కూడా పోయించాను. ఎంత పొగరో చూడు నాకు." టోపీ మళ్ళీ మోకాలి మీద బోర్లించాడు. "చిన్నప్పట్నుంచీ నేను కుడి అంటే వాడు ఎడమ. ఒక్కసారంటే ఒక్కసారి, ఇష్టం లేకపోయినా నా మాట విన్నాడు. ఆ ఒక్కసారి ఇదే. దీన్ని దున్నేస్తే ఇంకేం మిగిలినట్టు నాకు?"

ముసలాయన ఇన్నాళ్ళూ గుండెల్లో దాచుకుంటున్నది జరగని విషయం. చెబితే అది కూడా పోతుంది. చెప్పకపోతే మూడింటికి ఊళ్ళోవాళ్ళ ముందు తెలుస్తుంది.

ఆయన ముందు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామయ్యా, నేను నా కోసం అడగడం లేదు. విత్తనం కోసమూ కాదు. నార్దు కోసం అడుగుతున్నాను. ఎందుకని మాత్రం అడక్కండి."

"నార్దు కోసమా?"

"ఆయన మీదొట్టు."

వెన్జు ఆమెకేసి చాలాసేపు చూశాడు. కోడలు ఒట్లు వేసే మనిషి కాదు. ఏమర్థమైందో ఏమో, రొట్టె మూట పక్కన పెట్టి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. బకెట్టుని కాలితో గట్టు పక్కకి తోశాడు.

"సరే. దున్నుకో."

తెరేజాకి ఏడుపొచ్చింది. చెయ్యి జేబులోకి పోయింది, తాళంచెవి దొరికింది.

"ఒక్కసారి లోపలికి వెళ్ళి వస్తాను," అన్నాడు వెన్జు.

"వద్దు!"

ఆ అరుపుకి ఆయన వెనక్కి తిరిగాడు.

"లోపలంతా పొడి మామయ్యా. మీకు దగ్గు ఎక్కువవుతుంది. వద్దు, రండి, ఇంటికి వెళ్దాం."

"నాలుగు నెలలుగా ఈ పొడే తింటున్నాను. దున్నుకోమన్నాను కదమ్మా, ఇంకేం కావాలి? వాడు నడిచిన సాళ్ళలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచి వస్తాను. అదీ వద్దంటావా?"

వద్దనడానికి ఆమె దగ్గర కారణం లేదు. ఉన్న ఒక్క కారణం చెప్పేది కాదు. వెన్జు టోపీ పెట్టుకుని ఎండు ఆకులు పక్కకి నెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపు ఆకుల గరగర వినిపించింది. తర్వాత అదీ లేదు.

పరిగెత్తి ఆపాలనుకుంది. నడిమధ్యకి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటూ నిలబడిపోయింది.

ఆకుల గరగరకి బదులు రోడ్డు మీద జీపు చప్పుడు వినిపించింది. గడియారం చూసుకుంది. ఒంటిగంట కూడా కాలేదు. జీపు గేటు దాటి వచ్చి ట్రాక్టరు పక్కన ఆగింది. హెన్లీ దిగాడు. అవతలి తలుపు తీసుకుని పక్కింటి స్పిరు కూడా దిగాడు.

"తొందరగా వచ్చినందుకు ఏమీ అనుకోకండి," అన్నాడు హెన్లీ. ఎండకి కందిపోయిన మొహం, చేతిలో తోటల పటం ఉన్న అట్ట. "స్పిరు గారి తోటలో చూడ్డానికేం మిగల్లేదు. త్వరగా అయిపోయింది."

"ఏం మిగుల్తుంది నా బొంద?" అన్నాడు స్పిరు. వెన్జు, అతనూ ఒకే ఓడలో వచ్చారు. చెరకు కోసే కూలీల ఒకే ముఠాలో కత్తి పట్టారు. "ఏం తెరేజా, దున్నేస్తున్నావా? వాడొప్పుకున్నాడా? ఎక్కడ వెన్జు?"

"లోపల ఉన్నారు. వచ్చేస్తారు. మీరు ఇంటికి పదండి, అత్తయ్య కాఫీ పెడుతుంది. ఈలోగా నేను..."

"చూసి వెళ్దామమ్మా," అన్నాడు హెన్లీ. "ప్రతి తోటా లోపలికి వెళ్ళి చూడమన్నారు."

"చూడు, చూడు," అన్నాడు స్పిరు. "ఈ పాపం ఎవడిదో తేలేదాకా చూడు. వాడి పేరు తెలియాలి నాకు."

"ఎన్నిసార్లు చెప్పాలి స్పిరు గారూ? గాలి తెచ్చింది."

"గాలికి పేరు పెట్టి పిలవలేం కదయ్యా."

హెన్లీ నవ్వబోయి మానేశాడు. లోపల ఆకులు కదిలాయి. చప్పుడు నెమ్మదిగా దగ్గరైంది. మనిషి అడుగు తీసి అడుగు వెయ్యడం కూడా వినిపిస్తోంది.

వెన్జు బయటికి వచ్చాడు. టోపీ లేదు. నెరిసిన జుట్టు, కనుబొమలు, భుజాలు అన్నీ నారింజరంగు. కళ్ళ కింద మాత్రం రెండు చారలు తడిగా ఉన్నాయి. చేతిలో ఆకులతో సహా విరిచిన ఒక గడ. పచ్చగా నిగనిగలాడుతోంది.

ఆయన చూసింది కోడలి మొహం ఒక్కటే. "ఎప్పుడు తెరేజా?" అన్నాడు చిన్నగా. చీకట్లో కూడా కణుపు మీద కన్ను తడిమి రకం చెప్పగల మనిషి. ఏం చూశాడో, కొడుకు ఏం చేశాడో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు జీపు కనబడింది. దాని పక్కన ఇద్దరు మనుషులు కనబడ్డారు. గడని వెనక దాచబోయాడు. దాగేంత చిన్నది కాదు.

హెన్లీ వచ్చి మెల్లగా అందుకున్నాడు. ఆకు తిరగేసి అడుగున వేలితో రాశాడు. వేలికి ఏమీ అంటలేదు. కణుపు దగ్గర తొడుగు విప్పి చూశాడు.

"ఇది నూట ఇరవైనాలుగు కాదు," అన్నాడు. "అసలు ఈ జిల్లాలో అనుమతి ఉన్న రకమే కాదు. లోపల ఎంత ఉంది?"

"నాలుగు సాళ్ళు," అన్నాడు వెన్జు.

"ఎవరు పెట్టారు?"

తెరేజా నోరు తెరిచింది. అంతకన్నా ముందే ముసలాయన గొంతు పలికింది.

"నేను."

స్పిరు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నువ్వేంట్రా? ఇంకో రకం పెడితే తగలబెడతానన్నది నువ్వే కదరా?"

"అన్నాను."

"నా పాత తోట దున్నించి మరీ దీన్ని పెట్టించావు కదరా. ఇంటికొచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని, నా రొట్టె తింటూ చెప్పావు కదరా!"

"చెప్పాను." వెన్జు తలెత్తి స్నేహితుడి కళ్ళలోకే చూశాడు. "మీ అందరి చేతా అదే పెట్టించాను. నేను మాత్రం దొంగచాటుగా ఇంకోటి తెచ్చి పెట్టుకున్నాను. నార్దుకి కూడా తెలియదు. వాడికి తెలిస్తే ఒప్పుకునేవాడు కాదు."

స్పిరు మొహం తెల్లబోయింది. తిట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి జీపుకి ఆనుకున్నాడు. యాభై ఏళ్ళ స్నేహం అక్కడే, ఆ రెండడుగుల మధ్య, తెగిపోవడం తెరేజా కళ్ళారా చూసింది.

హెన్లీ అట్ట మీద కాగితం తిప్పి కలం తీశాడు. "ఇది రాసుకోవాలి వెన్జు గారూ. తప్పదు. ఏ ఏడు నాటారు? ఎక్కడి నుంచి తెచ్చారు?"

వెన్జు ఈ పొలంలో ఏ మూల ఏ మొక్క ఎప్పుడు పెట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాడు. ఈ నాలుగు సాళ్ళ సంగతి ఆయనకి తెలియదు. ఏం చెప్పాలో తోచక కోడలివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందించమని బతిమాలుతున్నాడు.

"దాన్ని చూస్తావేంట్రా?" అన్నాడు స్పిరు. "నిన్ను కదా అడిగింది."

హెన్లీ కలం ఆపాడు. ముసలాయన్ని చూశాడు, తర్వాత తెరేజాని చూశాడు. అతనికి అనుమానం వచ్చిందని ఆమెకి అర్థమైంది.

బర్డెకిన్ పేరు ఆయనకి అందిస్తే ఈ ముసలి మనిషి దొంగగా, మిత్రద్రోహిగా బతికినన్నాళ్ళూ ఈ లోయలో తిరగాలి. నార్దు పేరు చెబితే ఆ దొంగ నార్దు అవుతాడు. చనిపోయినవాడు తన కోసం తను మాట్లాడుకోలేడు. ఇద్దరి పేర్లూ ఇప్పుడు ఆమె నోట్లోనే ఉన్నాయి. మూడో పేరు తనది. ఆ ఆదివారం ముచ్చెలు నాటిన చేతుల్లో తనవీ ఉన్నాయి.

"మీకు తెలుసా తెరేజా గారూ?" అన్నాడు హెన్లీ.

వద్దన్నట్టు వెన్జు తల అడ్డంగా ఊపాడు.

"తెలుసు," అంది తెరేజా.